జపాను చరిత్ర ప్రకారం ‘చిగురాకు’

కుర్రాళ్ల చేత చదివించడం ఎలాగో తెలుసుకుందామని రాష్ట్ర సచిత్ర పఠనాభివృద్ధి సంస్థ అధికారులు ఏడుగురు జపాను వెళ్లారు. పది రోజులున్నారు. తొమ్మిది రోజులు ఏం చేశారో టూరు నివేదికలో ‘ఇతర పరిశీలనలు’ అని రాసుంది కాబట్టి మనం అడగకూడదు. పదో రోజు విమానాశ్రయానికి పోయే రైల్లో మేనేజింగ్ డైరెక్టరు దండమూడి విశ్వపతి గారికి జ్ఞానోదయమైంది. ఎదురు సీట్లో టై కట్టుకున్న పాతికేళ్ల కుర్రాడొకడు దిండంత లావు బొమ్మల పుస్తకంలో తల దూర్చి కూర్చున్నాడు. దిగాల్సిన స్టేషను దాటిపోయింది. తర్వాతి స్టేషన్లో నెత్తి కొట్టుకుంటూ దిగి, ప్లాట్‌ఫారం మీద నిలబడి మళ్లీ అదే పుస్తకం తెరిచాడు.

“ఇదీ పఠనమంటే!” అని ఎం.డి. గారు ఒళ్లోని రైస్ కుక్కరు పెట్టె మీద చరిచారు.

ఆ పత్రిక పేరు ‘అవోబా’. చిగురాకు అని చెప్పుకోవచ్చు. పద్దెనిమిది దాటి ముప్పై నిండని మగపిల్లల కోసం యాభై ఏళ్లుగా వారం వారం వస్తున్న బొమ్మల కథల పత్రిక. ప్రతి సంచికలోనూ ఒక కార్డు కుట్టి ఉంటుంది. ఏ కథ బాగుందో, ఏది బాగాలేదో పాఠకుడు దాని మీద రాసి పంపుతాడు. కార్డులు ఏ కథను మెచ్చితే అది సాగుతుంది, లేకపోతే ఆగుతుంది. అంతే, అందులో ఇంకే రహస్యమూ లేదు. రహస్యం లేని పని సర్కారు సంస్థకు ఎలా నచ్చుతుంది? అందుకని దాని చరిత్ర తెప్పించారు.

దాన్ని తెలుగులో రాయాల్సిన పని అనువాదకుడు తాళ్లూరి జోగినాథం మీద పడింది. ఆయన కుర్రతనంలో సరదాకి జపనీసు డిప్లొమా చేశాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ భాషతో ఆయనకు పడిన పని ఒక్కటే, ఎం.డి. గారింట్లో కొత్త కుక్కరు మీటల మీద ఏం రాసుందో చదివిపెట్టడం. పాపం మనిషి నిజాయితీపరుడు. భయస్తుడు కూడా. ‘అవోబా’ వాళ్లు వేసుకున్న స్వర్ణోత్సవ సంపుటి ముందు పెట్టుకుని నాలుగు నెలలు కూర్చుని నూట నలభై పుటల చరిత్ర రాశాడు. మొదటి ఏడాది పదికి ఏడు ప్రతులు తిరిగొచ్చాయని, రెండో ఏడు తల్లుల సంఘంవారు రైల్వే స్టేషను ముందు ప్రతులు తగలబెట్టారని, మూడో ఏడు కాగితం కరువొచ్చి సీరియళ్లన్నీ ఆగాయని, నాలుగో ఏడు తొలి విజయం వచ్చిందని, ఆ తర్వాత వెనక్కి చూసుకోలేదని ఉన్నదున్నట్టు రాశాడు.

సమావేశంలో ఎం.డి. గారు ఆ ప్రతిని రెండు చేతులా ఎత్తి చూపించారు.

“జోగినాథం గారూ, మీరు చరిత్ర రాశాననుకుంటున్నారు. కాదు! ఇది కార్యాచరణ ప్రణాళిక. విజయానికి ముందు వాళ్లు ఏమేం చేశారో మనమూ అవే, అదే వరుసలో చేద్దాం. నాలుగో ఏటికి విజయం దానంతటదే వచ్చి తీరుతుంది.”

జనరల్ మేనేజరు పెన్మెత్స రంగరాజు గారు అప్పటికే పట్టిక గీసేశారు. ‘ప్రథమ వర్షం: నష్టం. బాధ్యత: మార్కెటింగు విభాగం. ద్వితీయ వర్షం: మాతృమూర్తుల ఆగ్రహం, ప్రతుల దహనం. బాధ్యత: మహిళా విభాగం. తృతీయ వర్షం: కాగితపు కొరత. బాధ్యత: స్టోర్సు. చతుర్థ వర్షం: ఘనవిజయం. బాధ్యత: ఎం.డి. గారి కార్యాలయం.’

“నష్టం దానంతటదే వస్తుంది కదండీ, పట్టికలో వెయ్యాలా?” అన్నాడు జోగినాథం.

“దానంతటదే వచ్చేవాటికి లక్ష్యాలు పెట్టుకోకపోవడం వల్లే ఈ దేశం ఇలా ఉంది,” అన్నారు రంగరాజు గారు.

పత్రికకు ‘చిగురాకు’ అని పేరు పెట్టారు. చరిత్ర మొత్తం చదివినవాడు ఆయనొక్కడే కాబట్టి జోగినాథాన్ని వ్యవస్థాపక సంపాదకుణ్ణి చేశారు. యాభై రెండేళ్ల వయసులో ఆయనకు తొలిసారి తన పేరున్న గది వచ్చింది.

ఆ గదిలోకి మొదటి వారంలోనే కొల్లి సత్యవేణి వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. చంకలో అట్టపెట్టె.

“మాది రేపల్లెండి. మా నాన్నకి ఐసు ఫ్యాక్టరీ ఉంది. చిన్నప్పట్నుంచీ ఐసు మీద కప్పే ఊకలోనే పెరిగా. బొమ్మలేశా, చూస్తారా? మగపిల్లల పత్రికంట కదా, ఆడపిల్ల వెయ్యకూడదంటే చెప్పండి, పోతా.”

జోగినాథం చూశాడు. నాంచారయ్య అని ఇరవై మూడేళ్ల కుర్రాడు. వాడికో డొక్కు లారీ. రేపల్లె నుంచి నిజాంపట్నం రేవుకి ఐసు దిమ్మలు తోలాలి. ఐసు కరిగేలోపల చేరాలి, చేరకపోతే వేటకెళ్లొచ్చిన చేపంతా కుళ్లిపోతుంది. కథంతా అంతే. కానీ దార్లో టైరు, గేటు, పెళ్లి ఊరేగింపు, అలిగిన అన్న, వాడితో చదువుకుని బ్యాంకులో చేరిన స్నేహితుడు. ప్రతి పుట అడుగునా నీటిచుక్క పడుతూనే ఉంటుంది. పదహారు పుటలూ అయ్యాక జోగినాథం తలెత్తి, “చేరిందా అమ్మా?” అన్నాడు.

“ఇంకా ఎక్కడండీ, పెనుమూడి దాటలేదు!” అంది సత్యవేణి.

తాను ఇన్నేళ్లూ ఏ పనికోసం పుట్టాడో జోగినాథానికి అప్పుడు తెలిసింది. ఈ కథను రేవుకి చేర్చాలి. అంతకు మించి ఆయనకు ఇంకే కోరికా లేదు.

‘ఐసు బండి’ పేరుతో ఆ కథ మొదలైన మూడో వారానికే కార్డులు గోతాల్లో వచ్చాయి. మెకానిక్కులు, పాలిటెక్నిక్ కుర్రాళ్లు, రొయ్యల చెరువుల కాపలావాళ్లు రాశారు. మూడు వేల ప్రతులూ అమ్ముడుపోయాయి. జోగినాథం స్వీటు ప్యాకెట్టు పట్టుకుని రంగరాజు గారి గదికి వెళ్తే, బల్ల మీద మెమో సిద్ధంగా ఉంది.

‘మీ సంపాదకత్వమున వెలువడుచున్న పత్రిక, ప్రథమ వర్ష లక్ష్యమునకు విరుద్ధముగా అమ్ముడుపోయినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలో తెలుపవలెను.’

“జనం కొనుక్కున్నారండీ. నేనేం చెయ్యను?”

“కొనకుండా చూడవలసిన బాధ్యత సంపాదకుడిది కాదా?” అని రంగరాజు గారు స్వీటు తీసుకున్నారు. “సరే, మీ సంజాయిషీ సానుభూతితో పరిశీలిస్తాం. పదికి ఏడు తిరిగి రావాలి కాబట్టి ఇంకో ఏడు వేలు వేయిస్తున్నాం. అవి ప్రెస్సు నుంచి తిన్నగా రిటర్నుల గోడౌనుకే పోతాయి.”

“వెళ్లకుండానే తిరిగొస్తాయాండీ?”

“రవాణా కలిసొచ్చింది చూడండి.”

రెండో ఏడు దహనం. విజయవాడ స్టేషను ముందుకి నాలుగు బస్సుల్లో పొదుపు సంఘాల ఆడవాళ్లను దింపారు. మనిషికి ఐదు ప్రతులు, ఒక అగ్గిపెట్టె, ఒక పులిహోర పొట్లం. వారధి దగ్గర గంటన్నర బస్సులు ఆగిపోవడంతో వాళ్లకేమీ తోచక చేతిలో ఉన్నవి తిరగేశారు. అక్కడే కొంప మునిగింది. స్టేషను ముందు రంగరాజు గారు మైకులో ‘తల్లులారా, దహించండి!’ అని పిలుపిస్తే ఒక్కరూ కదల్లేదు. కంకిపాడు నుంచొచ్చిన వెంకాయమ్మ అనే పెద్దావిడ ముందుకొచ్చింది.

“ఏంది బాబూ తగలబెట్టేది? ఆ నాంచారయ్య లారీ కరకట్ట మీద టైరు పగిలి కూలబడిపోయింది. ఐసు కారిపోతా ఉంది. దీని తర్వాతది ముందు ఇయ్యండి, అది చదివి అప్పుడు తగలబెడతాం.”

“అమ్మా, మీరు ఆగ్రహంతో ఉన్నారు,” అని రంగరాజు గారు పట్టిక చూపించారు.

“ఉండమా మరి! స్టెప్నీ చూసుకోకుండా బండి తీస్తాడా ఎవడైనా? వాళ్లమ్మ ఏం పెంచిందంట?”

చివరికి పులిహోర పొట్లాల ఆకులు పోగేసి మంట పెట్టి ఫొటో తీశారు. నివేదికలో ‘ఆగ్రహము సంతృప్తికరము’ అని రాశారు. ఆడవాళ్లు మాత్రం ప్రతులు కొంగుల్లో కట్టుకుని పోయారు.

దాంతో రంగరాజు గారికి నిజంగానే కోపమొచ్చింది. మర్నాడు జోగినాథాన్ని పిలిచి చరిత్ర గ్రంథం నలభై ఒకటో పుట తీశారు. “‘తొలి మూడేళ్లలో పాఠకాదరణ పొందిన సీరియల్ ఏదీ లేదు.’ రాసింది మీరేనా?”

“నేనేనండి.”

“మరి ఈ ఐసు బండి ఏమిటి? సోమవారం నుంచి ఆపెయ్యండి.”

లారీ ఇంకా అడవులదీవి దగ్గరే ఉంది. గదికొచ్చి మధ్యాహ్నం భోజనానికి డబ్బా మూత తీశాడు. ఇరవై మూడేళ్లలో ఆయన ఫైల్లో రాసిన అబద్ధమల్లా జ్వరమని పెట్టిన రెండు సెలవులే. ఆ రోజు పెరుగన్నం పక్కకి జరిపి, కాగితం తీసి, ‘పుట 41-అ. అనువాదమున పొరపాటున జారిపోయిన భాగము’ అని మొదలుపెట్టాడు.

‘రెండో ఏట ఊరూపేరూ లేని ఒక యువతి గీసిన చేపల రేవు కథను ఆపమని పైవారు ఆజ్ఞాపించగా, వ్యవస్థాపక సంపాదకుడు బల్ల మీద చెయ్యి వేసి, నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ కథ ఆగదు అని ప్రతిజ్ఞ చేసెను.’

అది చదివి ఎం.డి. గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఎంత ఘట్టం! ఇది మన పట్టికలో లేకపోవడం క్షంతవ్యం కాదు. వెంటనే అమలు చెయ్యండి.”

శుక్రవారం ప్రతిజ్ఞా మహోత్సవం జరిగింది. పూలదండలు వేసిన బల్ల మీద జోగినాథం చెయ్యి వేసి ఆ మాట అన్నాడు. అబద్ధంగా రాసిన వాక్యమే అయినా, నోటితో అనేసరికి నిజమైపోయింది. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఫొటోగ్రాఫరు ఇంకోసారి అనమంటే ఇంకోసారీ అన్నాడు.

ఆ ప్రతిజ్ఞ చలవతో నాంచారయ్య లారీ ఇంకో ఏడాది నడిచింది.

మూడో ఏడు కాగితపు కొరత వచ్చింది. గోడౌను నిండా రీములున్నా తలుపుకి తాళం వేసి ‘కొరత’ అని బోర్డు కట్టారు. చరిత్ర ప్రకారం సీరియళ్లన్నీ ఆగాయి, ఒక్కటి తప్ప. రంగరాజు గారు 41-అ పుట ముందు పెట్టుకుని మూడు రోజులు ఆలోచించి జోగినాథానికి కబురు పెట్టారు.

“కూర్చోండి. తర్కబద్ధంగా చూద్దాం. మూడో ఏట సీరియళ్లన్నీ ఆగాయి. మీ మాటే.”

“అవునండి.”

“అంటే ఆ రేవు కథా ఆగింది. సంపాదకుడి ప్రాణం ఉండగా ఆగదు. మరి ఆగింది. దీన్నిబట్టి మనకేం తెలుస్తోంది?”

జోగినాథం ఆ పుట అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఆయన... ఊరెళ్లి ఉంటాడండి.”

“పోయి ఉంటాడు,” అన్నారు రంగరాజు గారు చల్లగా. “మూడో ఏట, నాలుగో త్రైమాసికంలో.”

ఇక దాచి లాభం లేదని జోగినాథం బల్ల అంచు పట్టుకుని నిజం చెప్పేశాడు. “అయ్యా, ఆ పుట జపాను పుస్తకంలో లేదండి. నేనే కల్పించాను. ఆ పిల్ల కథ ఆగిపోతుందని.”

రంగరాజు గారు జాలిగా చూశారు. “జోగినాథం గారూ, బోర్డు ఆమోదించిన తర్వాత అది చరిత్ర. మీరు రాశారా, జపాను రాసిందా అన్నది సాహిత్యపరమైన ప్రశ్న. అయినా మిమ్మల్నెవరు చావమన్నారండీ? సంస్థ రికార్డుల మేరకే. సహకరించండి.”

బుధవారం మూడు గంటలకు సంతాప సభ పెట్టారు. హాజరు తప్పనిసరి అని సర్క్యులరు వచ్చింది కాబట్టి జోగినాథం కూడా వెళ్లి మూడో వరసలో కూర్చున్నాడు. వేదిక మీద ఆయన ఫొటోకి దండ. ప్రతిజ్ఞ నాటి ఫొటోయే, బాగా పడింది. “ఆయన లేని లోటు తీరనిది,” అన్నారు ఎం.డి. గారు. “అయినను తీర్చబడును. ఇన్‌చార్జి ఉత్తర్వులు జారీ అయినవి.” అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. జోగినాథమూ లేచాడు. పక్కనున్న అకౌంటెంటు చెవిలో, “తమరు కూర్చోవచ్చేమోనండీ,” అన్నాడు. చివర్లో సమోసాలు పంచారు. ఆయనకూ ఒకటిచ్చారు.

మర్నాడు హాజరు యంత్రం ఆయన బొటనవేలిని ఒప్పుకోలేదు. పేపర్లో సంతాప ప్రకటన పడటంతో ఇంటికి జనం రావడం మొదలుపెట్టారు.

“పొద్దుట్నుంచీ పదకొండు మందొచ్చారు పరామర్శకి,” అంది ఆయన భార్య హైమవతి. “వచ్చినవాళ్లకి కాఫీ మీరే అందిస్తుంటే జడుసుకుంటున్నారు. కాసేపు లోపలికెళ్లి కూర్చోరాదూ! బతికుండగా ఒక్కనాడు ఎవరూ గడప తొక్కలేదు గానీ...”

నాలుగో రోజు తపాలా అతను గోతాం తెచ్చి గుమ్మంలో పడేశాడు. ‘సంపాదకుడు, చిగురాకు’ అని వచ్చిన కార్డులన్నిటి మీదా సంస్థవారు ‘స్వర్గస్థులు. వారసులకు పంపవలెను’ అని ముద్ర కొట్టి పంపారు. జోగినాథం పైనున్న కార్డు తీశాడు.

‘సంపాదకుల వారి కుటుంబానికి. మేము నలుగురం వేటపాలెం నుంచి వచ్చి ఇక్కడ పైపుల కంపెనీలో పని చేస్తున్నాము. సారు పోయారని పేపర్లో చూసి ఆ పూట మా రూములో పొయ్యి వెలిగించలేదు. అడగకూడదు గానీ, నాంచారయ్య ఐసు రేవుకి చేరిందో లేదో సారు మీతో ఏమన్నా చెప్పి పోయారా? తెలిస్తే ఒక్క ముక్క రాయగలరు.’

జోగినాథం గుమ్మంలోనే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రెండు నిమిషాలు లెక్కపెట్టుకుని నిలబడ్డవాళ్లను చూశాడు. ఎవరో ఏమో తెలియకుండా అన్నం మానుకున్నవాళ్లను అప్పుడే చూశాడు. ‘నా పిరికితనం కాకపోతే ఆ పిల్ల కథ ఆగేదా!’ అని తనను తనే తిట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే సత్యవేణి వచ్చింది, చంకలో అదే పెట్టె.

“నూట నలభై ఆరో భాగం తిప్పి పంపేశారండి. పంపడం కూడా మీ ఫొటో కింద సంతాపం అచ్చేసిన కవర్లో పంపారు. ఇంకో పన్నెండు భాగాలే సార్. రేవు కనపడతా ఉంది. మనమే అచ్చేద్దామా? రేపల్లెలో శుభలేఖల ప్రెస్సు మా బాబాయిదే.”

“అమ్మో! నేను సర్కారు ఉద్యోగినమ్మా. బయట పత్రిక పెట్టకూడదు, రూలుంది. మెమో ఇస్తారు.”

సత్యవేణి ఆయన్ని వింతగా చూసింది. “మీరు పోయారు కదండీ.”

ముందు వంటింట్లోంచి హైమవతి నవ్వు వినపడింది. తర్వాత జోగినాథం నవ్వాడు. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో పేరుకున్న భయమంతా ఆ నవ్వుతో బయటికి పోయింది. చచ్చినవాడికి మెమో ఎవడిస్తాడు? ఏ అడ్రసుకిస్తాడు?

శుభలేఖల ప్రెస్సులో, మిగిలిపోయిన గులాబీ రంగు కాగితం మీద, ‘ఐసు బండి’ పేరుతోనే పత్రిక వచ్చింది. ఐసు లారీలవాళ్లే దిమ్మల మీద కట్టలు పెట్టుకుని రేవులకీ బస్టాండ్లకీ చేర్చారు. అంచులు కాస్త తడిసేవి, ఎవరూ ఏమీ అనలేదు. పన్నెండో వారం నాంచారయ్య లారీ నిజాంపట్నం చేరింది. పద్దెనిమిది దిమ్మల్లో ఏడు మిగిలాయి, చేప దక్కింది. వేటపాలెం కుర్రాళ్లకి జోగినాథం మొదటి ప్రతి పంపి, అడుగున తన చేత్తో ‘చేరింది’ అని రాశాడు. ఆ తర్వాత సత్యవేణి ఇంకో కథ మొదలుపెట్టింది. కార్డులు మళ్లీ గోతాల్లో రాసాగాయి.

రెండేళ్లు గడిచాయి. ‘చిగురాకు’ నాలుగో ఏట ఘనవిజయాన్ని రిబ్బను కత్తిరించి ప్రారంభించారు గానీ, విజయం తప్ప అందరూ హాజరయ్యారట.

ఒకరోజు పొద్దున్నే రేపల్లె ప్రెస్సు ముందు సంస్థ జీపు ఆగింది. రంగరాజు గారు దిగారు. వెనకే నోటుపుస్తకం పట్టుకుని పాతికేళ్ల అమ్మాయి దిగింది. లోపల ప్రూఫులు దిద్దుకుంటున్న జోగినాథాన్ని చూసి రంగరాజు గారు నమస్కారం పెట్టారు.

“తమరి పత్రిక అసాధారణ విజయం సాధించినట్లు తెలిసింది. జపాను నమూనా మన వాతావరణానికి పడలేదు. ఇకనుంచి తమరి నమూనానే అనుసరించాలని బోర్డు తీర్మానించింది. చరిత్ర సేకరణకు వచ్చాం.”

“నన్ను గుర్తుపట్టలేదాండీ?” అన్నాడు జోగినాథం.

“రికార్డుల ప్రకారం తమరితో నాకు పరిచయం లేదు,” అని రంగరాజు గారు మొహమాటంగా కుర్చీ లాక్కున్నారు. “మొదటి ప్రశ్న. వ్యవస్థాపక సంపాదకులు ఎప్పుడు పరమపదించారు?”

“పత్రిక మొదలవడానికి మూడు వారాల ముందండి. మీ ఆఫీసులోనే, బుధవారం మూడు గంటలకి. తమరు రెండు నిమిషాలు నిలబడ్డారు కూడా.”

రంగరాజు గారు ఆ మాటను శ్రద్ధగా రాసుకున్నారు. రాసింది మళ్లీ చదువుకున్నారు. మొహం వికసించింది.

“అదీ సంగతి! మేం మూడో ఏట చేశాం. అందుకే బెడిసికొట్టింది. స్థాపనకు ముందే జరగాలన్నమాట.” ఆయన మెల్లిగా పక్కకి తిరిగారు. “ఏవమ్మా, కొత్త పత్రికకి సంపాదకురాలివి నువ్వే కదూ? వచ్చే బుధవారం నీకు వేరే పనులేమీ లేవు కదా?”

ఆ అమ్మాయి చేతిలో పెన్ను ఆగిపోయింది.

జోగినాథం ఆమె ముందు కాఫీ గ్లాసు పెట్టాడు.

“భయపడకమ్మా, సమోసాలు బాగుంటాయి. అవి తిని ఇటొచ్చెయ్.”